మణికట్టు జబ్బు కంప్యూటర్‌ది కాదు

వేళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌ను కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగుల జబ్బుగా చెప్పడం పత్రికల ఆరోగ్య శీర్షికలకు పరిపాటి అయిపోయింది. ఈ అభిప్రాయం నిలిచేది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు బాగా కంప్యూటర్ వాడే ఉద్యోగులను పరీక్షించి, ఈ జబ్బు సాధారణ జనంలో ఎంత ఉందో వారిలోనూ ఇంచుమించు అంతే ఉందని 2001లోనే ప్రకటించారు.

మణికట్టు దగ్గర చిన్న ఎముకలు గోడలుగా, ఒక గట్టి అడ్డుపట్టీ పైకప్పుగా ఏర్పడిన ఇరుకు దారిలో, వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులతో పాటు మీడియన్ అనే నరం కూడా వెళుతుంది కనుక, ఆ దారిలో వాపు వచ్చినా, మణికట్టు అదేపనిగా వంగి ఉన్నా ముందు నలిగేది ఆ నరమే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఈ జబ్బుకు చూపిన కారణాలు మూడు: బలం పెట్టి పదేపదే చేసే పని, కంపనం, మణికట్టును విపరీతంగా వంచి ఉంచడం. ఈ కొలతకు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్‌లో గానీ, ఆ జిల్లాలో మరెక్కడైనా గానీ ముందు సరిపోయేది గ్రానైట్ క్వారీలో డ్రిల్లు పట్టే కూలీ చెయ్యి, బీడీలు చుట్టే ఆడమనిషి చెయ్యి. నానబెట్టిన తునికాకును రేకు అచ్చు ప్రకారం కత్తెరతో కోసి, తంబాకు పోసి, బొటనవేలితో చూపుడువేలితో బిగించి చుట్టి, దారం కట్టి, కొసలు మడవడంతో ఒక బీడీ పూర్తవుతుంది. కూలి లెక్క మాత్రం వెయ్యి బీడీలకు.

పని ఒక్కటే కారణమని వాదించడమూ పొరపాటే. నడివయసు స్త్రీలలో ఇది ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, స్థూలకాయం, గర్భం దీనికి దారి తీస్తాయి. అయితే ఈ నిజాన్నే అడ్డం పెట్టుకొని పనిని కారణాల నుంచి తప్పించే వాదం పాతది. 1950లలో ఈ జబ్బును వైద్యలోకానికి బాగా పరిచయం చేసిన అమెరికా శస్త్రవైద్యుడు జార్జ్ ఫేలెన్, రోగుల్లో గృహిణులే ఎక్కువ కనుక వృత్తితో దీనికి పెద్దగా సంబంధం లేదన్నాడు. బట్టలు పిండడం, పిండి పిసకడం ఆయన లెక్కలో పని కిందికి రాలేదన్నమాట.

ఇది కంప్యూటర్ జబ్బన్న అభిప్రాయం చేసే అసలు హాని రోగ నిర్ధారణలో కనిపిస్తుంది: కూలీ చేతిలో దీన్ని ఎవరూ అనుమానించరు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం చిమచిమలాడి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త నయమనిపించడం ఈ జబ్బు గుర్తులు. చిటికెనవేలికి వెళ్లే నరం వేరు కనుక దానికి తిమ్మిరి రాదు. ఏ వేళ్లని అడగకుండానే ఊళ్లో ఇచ్చే జవాబు మాత్రం 'నరాల బలహీనత', దాని వెంట బి-కాంప్లెక్స్ సూది. విటమిన్ లోపం వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు తిమ్మిరి సాధారణంగా పాదాల్లో మొదలవుతుందన్న తేడా ఆ సూది దగ్గర ఎవరికీ పట్టదు.

తొలిదశలో రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టీతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. అది చాలకపోతే స్టెరాయిడ్ సూది, ఆ తర్వాత అడ్డుపట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న శస్త్రచికిత్స ఉన్నాయి. ఆలస్యమైతే బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోతుంది. అప్పుడు శస్త్రచికిత్స చేసినా పూర్వపు పట్టు తిరిగి వస్తుందన్న భరోసా ఉండదు. కీబోర్డు ఉద్యోగికి సెలవు పెట్టుకొనే వీలుంటుంది, వెయ్యి లెక్కన కూలి తీసుకొనే బీడీ కార్మికురాలికి చెయ్యి ఆగిన రోజే కూలి ఆగుతుంది. ఆమెను తొలిదశలోనే గుర్తించవలసిన ఆరోగ్య కేంద్రం చీటీలో పేరు, వయసు ఉంటాయి గానీ, ఆ చేతులు ఏ పని చేస్తాయన్న ప్రశ్న సాధారణంగా ఉండదు.