వాకిట్లో మట్టి ఉండగా ప్లాస్టిక్ మొక్క ఎందుకు?



కోయంబత్తూరులో మన కల్యాణ మండపం ముందు భాగం బాగుచేసే పని గురించి వారం రోజులుగా మాటలు నడుస్తున్నాయి. వాకిలికి రెండు పక్కలా ఉన్న పూలమడులు పూడ్చి సిమెంటు వేయాలట. దాని మీద ప్లాస్టిక్ గడ్డి, గోడకు ప్లాస్టిక్ ఆకుల తెర, కుండీల్లో ప్లాస్టిక్ మొక్కలు పెట్టాలట. కారణాలు మూడు చెప్పినారు. నీళ్ళు చాలవు, తోటమాలి జీతం మిగులుతుంది, ఫోటోల్లో ఏడాదంతా పచ్చగా ఉంటుంది. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగైనా చదవండి.

ముందే ఒక మాట. ప్లాస్టిక్ మొక్క కనబడితే పీకి పారేయమనే మనిషిని కాను. మెట్ల కింద చీకటి మూల ఉంది, ఏసీ హాలు ఉంది, లిఫ్టు పక్కన ఇరుకు ఉంది. అక్కడ నిజమైన మొక్క పెడితే నాలుగు వారాల్లో చస్తుంది. అలాంటి చోట మంచి నకలు పెడితే తప్పు లేదు. నా పోట్లాట వాకిలి గురించి. అక్కడ మట్టి ఉంది, ఎండ ఉంది. రెండూ ఉన్న చోటును చేతులారా పూడ్చడం దేనికి?

నీళ్ళ మాట నిజమే. కోయంబత్తూరు పడమటి కనుమల వాననీడలో ఉండే ఊరు. మధురై బంధువులకు ఎండిన వైగై గురించి నేను చెప్పనక్కర లేదు. అయితే తక్కువ నీళ్ళతో బతికే మొక్కలు లేవా? కాగితం పూల తీగ ఎండలోనే బాగా పూస్తుంది. ఎడారి గులాబీ, కలబంద వారానికి రెండు చెంబులతో గడుపుకుంటాయి. నందివర్ధనం ఒకసారి వేరు పట్టిందంటే పెద్దగా అడగదు. గన్నేరు కూడా గట్టిదే, కానీ విషం, పిల్లలు తిరిగే చోట వద్దు. ఒక్క పెళ్ళి వంటలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు ఎన్ని బిందెలు కాలవలో పోతున్నాయో వంటవాళ్ళను అడగండి. ఆ నీళ్ళు మడులకు మళ్ళిస్తే చాలు.

ఖర్చు మాటకొద్దాం. బయట పెట్టిన ప్లాస్టిక్ ఆకును ఎండ తినేస్తుంది. మొదట రంగు వెలుస్తుంది, తర్వాత పెళుసవుతుంది, చివరికి పొడి పొడిగా రాలి మట్టిలో, కాలవలో కలుస్తుంది. ఎండకు తట్టుకునే రకం ఉంది, ధర ఎక్కువ, అది కూడా ఆలస్యంగా పాడవుతుందంతే. దుమ్ము పడితే దానికీ నీళ్ళు పోసి కడగాలి, దానికీ మనిషి కావాలి. ప్లాస్టిక్ గడ్డి మండు వేసవిలో 60 డిగ్రీలు దాటి కాలిన కొలతలు ఉన్నాయి. చెప్పులు విడిచి గడప దాటే ముసలివాళ్ళ కాళ్ళు, ఆడుకునే పిల్లల కాళ్ళు ఏం కావాలి? హారతి కర్పూరం, బాణసంచా నిప్పురవ్వ ఆ ఆకుల తెర మీద పడితే?

ఇది ఏ ఊరో కూడా మరవకండి. 1906లో వ్యవసాయ కళాశాల వచ్చిన ఊరు, అదే ఈనాటి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1912లో చెరకు పరిశోధన సంస్థ వచ్చిన ఊరు. మోటార్లతో పేరు తెచ్చుకున్న మన జి.డి. నాయుడు గారు పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేసినారు. ఈ ఊళ్ళో కూర్చుని మొక్క పెంచలేమని తీర్మానం రాస్తే చూసేవాళ్ళు నవ్వరా?

ఇంకో లెక్క ఉంది. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిలక్కోట్టై, సత్యమంగలం వైపు మల్లె పండించే రైతుకు ముహూర్తాల రోజుల్లో కిలో ధర ఆకాశాన ఉంటుంది, మిగతా రోజుల్లో కోతకూలి కూడా రాదు. పెళ్ళి మండపాలే ఆ రైతుకు ఆధారం. మండపాలే నకలుకు మారితే ఎవరికి అమ్ముకోవాలి? మహారాష్ట్రలో పూలరైతులు ప్లాస్టిక్ పూలను నిషేధించమని అడిగినారు. మన రాష్ట్రం 2019 జనవరి 1 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని ఆపింది. కేంద్రం 2022 జులై 1 నుంచి ఆపిన జాబితాలో అలంకరణ థర్మాకోల్ ఉంది, ప్లాస్టిక్ పూలు లేవు. చట్టం వదిలేసిందని మనమూ వదిలేద్దామా?

అన్నిటికన్నా నాకు కష్టంగా ఉండేది ప్లాస్టిక్ మావిడాకుల తోరణం. పచ్చి తోరణం మూడు రోజుల్లో వాడుతుంది. వాడుతుంది కాబట్టే మళ్ళీ పండగకు కొత్తది కడతాం, కొత్తది కనబడితే ఈ ఇంట్లో శుభకార్యం అని వీధికి తెలుస్తుంది. ఏడాదంతా దుమ్ము పట్టి వేలాడేది ఏ సంగతి చెబుతుంది? శ్రీకృష్ణదేవరాయలు మన భాషలో ఆముక్తమాల్యద రాసినాడు. ఆ కథ జరిగిన శ్రీవిల్లిపుత్తూరు మధురైకి దగ్గరే. అందులో విష్ణుచిత్తుడు స్వామికి పూలమాలల సేవ చేసేవాడు. పువ్వు వాడేది కాబట్టే అది రోజూ చేయవలసిన సేవ అయింది.

నకలు పెట్టక తప్పని చోట అందంగా పెట్టడానికి నేను కోరే నియమాలు ఇవి:

ఒకటి, మట్టీ ఎండా ఉన్న చోట నకలు వద్దు.

రెండు, గడప, తోరణం, పూజ, పెళ్ళిపీటల దగ్గర అసలే వద్దు.

మూడు, లోపల పెట్టేది మన ఊళ్ళో పెరిగే మొక్క నకలై ఉండాలి. మంచుదేశాల ఎర్రాకులు, ఊదా గడ్డి వద్దు. కొంచెం ఎత్తులో, చేతికి అందని చోట పెట్టాలి. చేతికి తగిలే కుండీలో నిజమైన మొక్కే ఉండాలి.

నాలుగు, కొనే ముందే కడిగేది ఎవరో, పాతబడితే ఎక్కడికి పంపుతామో మినిట్స్‌లో రాయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పూలమడులు ఉంచాలని నేను తీర్మానం పెడతాను. పెళ్ళి చేసుకునే ప్రతి కుటుంబం ఒక మొక్క ఇవ్వాలని, వంటింటి నీళ్ళు మడులకు మళ్ళించే పైపు వేయాలని కూడా అడుగుతాను. ఒప్పుకోనివాళ్ళు అక్కడికే వచ్చి లెక్కతో మాట్లాడండి. ఒప్పుకునేవాళ్ళు చేయెత్తడానికి తప్పకుండా రండి.