బడిపిల్లల ఆరోగ్యరక్షణ

1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినది మన సికింద్రాబాదుననే. రోగమును గుర్తించుటకు శిక్షణ పొందిన కన్ను కావలెనని చాటిన యీ యూరిలో, బడులలోని వైద్యపు గదులకు నర్సులేల, ఆయాలు చాలరా యని యడుగువారుండుట వింత గాదా?

వారి వాదమును త్రోసిపుచ్చుట మా యుద్దేశము కాదు. నర్సునకు జీత మెక్కువ. ఆమె దొరకుట కష్టము. గాయము కడుగుటకు, ఏడ్చు బిడ్డను ఊరడించుటకు ఆయా చాలును. ఆ సేవ తక్కువది కాదు. కాని కట్టు కట్టుట వేరు. కట్టుతో తీరదని కనిపెట్టుట వేరు. కడుపునొప్పి యన్న పదుగురిలో ఎవనిని పడుకొనబెట్టవలెను, ఎవనిని తక్షణమే ఆసుపత్రికి పంపవలెను? ఉబ్బసముతో ఎగరోజు బిడ్డకు ఎంత వ్యవధి యున్నది? ఈ వివేకము మూడు నాలుగేండ్ల నర్సింగు చదువువలన వచ్చునే గాని నాలుగు దినముల తర్ఫీదువలన రాదు.

న్యూయార్కు నగరమున పూర్వము వైద్యులు బడులకు వచ్చి, అంటురోగములు గల పిల్లలను ఇండ్లకు పంపివేసెడివారు. చికిత్స చేయువారు లేక వారు చదువునకు దూరమగుచుండిరి. 1902లో లీనా రోజర్సు అను నర్సును నియమింపగా, ఆమె బడిలోనే చికిత్స చేసి, ఇండ్లకుపోయి తల్లులకు బోధించెను. ఫలముచూచి మరికొందరు నర్సులను నియమించిరి. 1902 సెప్టెంబరులో బడినుండి పంపివేయబడినవారు 10,567 మంది. మరుసటి సెప్టెంబరులో 1,101 మంది మాత్రమే.

మనదేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు సంచార బృందములో నర్సునకు స్థానము కలదు. కాని ఆ బృందము బడికి ఏడాదికొక పర్యాయము వచ్చిన నియమము తీరును. తక్కిన దినములందు బిడ్డకు దిక్కెవరు?

ప్రతి బడికిని నర్సు నీయజాలమందురా? సమీపమందలి కొన్ని బడులకు కలిపి ఒక నర్సును నియమింపుడు. ప్రతి బడిలోని ఆయాను ఆమె యాజ్ఞకు లోబరుపుడు. ఏ లక్షణము కనబడిన నర్సును పిలువవలెనో, దేనికి నేరుగా ఆసుపత్రికి పంపవలెనో వ్రాసి గోడకు తగిలింపుడు. ఆయా నర్సునకు చేదోడు కాగలదు, బదులు కాజాలదు.

కలవారి బిడ్డకు జబ్బుచేసిన వైద్యుడు ఇంటికి వచ్చును. కూలివాని బిడ్డకు బడిలోని గదియే మొదటి ఆసుపత్రి. అచట జీతమున మిగిలిన రూపాయికి ఆ బిడ్డ ప్రాణము వెల కారాదు.