మన పద్దులో రాయని పన్ను

మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాలయ్యాక వైద్యం ఖర్చుల మీదికి మాట మళ్లింది. "అందరి వైద్యమూ ప్రభుత్వమే భరించాలంటే పన్నులు ఎంత పెరుగుతాయో తెలుసా వదినా?" అన్నాడు మా మరిది. పెరుగుతాయని నాకూ తెలుసు. మరి ఇప్పుడు మనం కడుతున్నది ఎవరూ లెక్కలోకి ఎందుకు తీసుకోరు?

కిందటేడు మా అత్తయ్యగారికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. పదకొండేళ్లుగా ఇన్సూరెన్స్ కడుతున్నాం. అయినా గది అద్దె పరిమితి దాటిందని, గ్లౌజులు పాలసీలోకి రావని కోతలు పెట్టి, చివరికి మా చేత 42 వేలు కట్టించారు. నా గాజులు నాలుగు నెలలు తాకట్టులో ఉన్నాయి. అది పన్ను కాదా? రసీదు మీద ఆ పేరు లేదు, అంతే.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం వైద్యం ఖర్చులో నూటికి 39 రూపాయలు జనం సొంత జేబులోంచి పెట్టుకున్నవే. జేబు అంటారు గానీ, మన ఇళ్లలో అది పోపుల డబ్బా, బీరువాలో బంగారం. డబ్బు సరిపోకపోతే ముందు ఆగేది మన థైరాయిడ్ మాత్రే.

తైవాన్ 1995లో వేరువేరుగా ఉన్న బీమా పథకాలను కలిపి దేశమంతటికీ ఒకే బీమా పెట్టింది. అదీ ఉచితం కాదు. ఉద్యోగి, యజమాని, ప్రభుత్వం తలా కొంత కడతారు. డాక్టరు దగ్గరికి వెళితే కొద్దిగా రుసుమూ ఉంటుంది. కానీ ఆసుపత్రులకు డబ్బిచ్చేది ఒక్కరే కాబట్టి ధర దగ్గర వాళ్ల మాట చెల్లుతుంది. మార్కెట్లో అరకిలో కొనే నా బేరమూ, బస్తాలు కొనేవాడి బేరమూ ఒకటవుతాయా? పది కంపెనీలకు పది రకాల కాగితాలు నింపే ఖర్చూ తప్పుతుంది.

లెక్కలేనన్ని బీమా కంపెనీలున్న అమెరికాలో జాతీయోత్పత్తిలో ఆరో వంతుకు పైగా వైద్యానికే పోతోంది. ప్రభుత్వ బీమా ఉన్న పక్కనే ఉన్న కెనడాకు అంత కావడం లేదు. అక్కడ మోకాలి ఆపరేషన్‌కు నెలల తరబడి ఆగాలన్నదీ నిజమే. కానీ ఆగేది వంతు కోసం, అప్పు పుట్టడం కోసం కాదు.

మనకు 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ అది అందరికీ కాదు, అన్నిటికీ కాదు. కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్‌కు ఇస్తుంది. మందుల షాపులో నెలనెలా కొనే షుగరు మాత్రకు ఆ కార్డు పనికిరాదు. పది రూపాయల దగ్గర ఆపగలిగే జబ్బును లక్షల దాకా పెరగనివ్వడం పొదుపా? ఏ ఇల్లాలూ ఇల్లు అలా నడపదు.

ఈ నెల మీరూ ఒక పని చేయండి. ప్రీమియం, మందులు, పరీక్షలు, తాకట్టు వడ్డీ అన్నీ ఒక పేజీలో రాసి మొత్తం వేయండి. పైన 'పన్ను' అని పేరు పెట్టండి. ఆ తర్వాత ఆ పేజీ చేతికిచ్చి, ఏది ఎక్కువో మీ మరిదినే అడగండి.