సజ్జ మీది రైలింజన్‌ని కిందికి దించండి



ఈ నెల కూడా స్లిప్ టెస్టుల గురించో, స్టడీ అవర్స్ గురించో రాస్తానని మీరు అనుకుని ఉంటారు. ఈసారి ఒక బొమ్మ రైలింజన్ గురించి, దాని విషయంలో నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను. చదవడం అయ్యాక మీ ఇంట్లో సజ్జ మీద ఏముందో ఒకసారి చూడండి.

నేను ఎనిమిదో తరగతికి మ్యాథ్స్ చెబుతాను. పోయిన టర్మ్‌లో ఒక అబ్బాయి నోట్‌బుక్ వెనక పేజీల నిండా గుండ్రటి గీతలు, పట్టాలు, చిన్న చిన్న లెక్కలు కనిపించాయి. బ్రిటన్‌లో ఉంటున్న వాళ్ల మేనమామ సెలవులకి వస్తూ ఒక మోడల్ రైలు సెట్ తెచ్చిచ్చారట. ఒక చిన్న ఆవిరి ఇంజన్, నాలుగు వ్యాగన్లు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. ఒక రోజు క్లాసు అయిపోయాక నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఈ ఇంజన్ డెబ్భై ఆరో వంతు అని పెట్టె మీద ఉంది. పట్టాని కొలిస్తే లెక్క తప్పుతోంది. కంపెనీ వాళ్లు పొరపాటు చేశారా?" అని అడిగాడు.

నేనేమన్నానో తెలుసా? "అది మన సిలబస్‌లో లేదు కదరా, వెళ్లి కూర్చో." అక్కడితో ఆగలేదు. క్లాసులో ధ్యాస ఉండటం లేదు, రైలు బొమ్మలు గీస్తున్నాడు అని డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపాను. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు, "మేడమ్, ఇంక ఆ రైళ్ల గోల ఉండదండీ. సెట్ మొత్తం సజ్జ మీద పడేశాను" అన్నారు. నేను సంతోషించాను. థ్యాంక్స్ కూడా చెప్పాను.

ఆ తర్వాత వాడి మార్కులు పెరగలేదు, తగ్గనూ లేదు. మారింది ఒక్కటే. వాడు ప్రశ్నలు అడగడం మానేశాడు.

వాడి లెక్క ఏమిటంటే

టర్మ్ చివర నోట్‌బుక్స్ కరెక్షన్‌కి వచ్చినప్పుడు ఆ వెనక పేజీల్ని మొదటిసారి నిదానంగా చదివాను. సెట్‌లోని పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 76తో గుణిస్తే 1254 మిల్లీమీటర్లు వస్తుంది. కానీ బ్రిటన్‌లో అసలు రైలు పట్టా వెడల్పు 1435. దాదాపు 18 సెంటీమీటర్లు తక్కువ. వాడు అక్కడ ఆగకుండా 1435ని 16.5తో భాగించి చూశాడు. 87 వచ్చింది. కింద ఇలా రాసుకున్నాడు: "ఇంజన్ 76, పట్టా 87. రెండూ వేరే వేరే. ఎందుకు?"

ఆ రాత్రి నేను కూర్చుని ఆ 'ఎందుకు'కి జవాబు వెతుక్కున్నాను. ఐరోపాలో, అమెరికాలో ఎక్కువ మంది వాడే స్కేలు 87వ వంతు. దాని పేరు హెచ్‌ఓ. బ్రిటిష్ ఇంజన్లు మిగతా ఐరోపా ఇంజన్ల కంటే కాస్త చిన్నవి. వాటిని 87వ వంతుకు కుదిస్తే ఆ రోజుల్లో దొరికే మోటారు లోపల పట్టేది కాదు. అందుకని పట్టాని అలాగే ఉంచి ఇంజన్ బాడీని మాత్రం 76వ వంతుకు పెంచారు. ఆ సర్దుబాటుకే ఓఓ స్కేలు అని పేరు. అంటే కంపెనీ తెలిసే అలా చేసింది. దశాబ్దాలుగా పెద్దవాళ్లు వాదించుకుంటున్న ఈ విషయాన్ని మన పదమూడేళ్ల కుర్రాడు ఒక స్కేలుతో, ఒక పెన్సిల్‌తో పట్టుకున్నాడు. సరిగ్గా అదే వారం నేను క్లాసులో డైరెక్ట్ ప్రపోర్షన్ చెబుతున్నాను. వాడి ధ్యాస నా పాఠం మీదే ఉంది. అది నాకే కనిపించలేదు.

మర్నాడు వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. సెట్ కిందికి దిగింది.

ఆవిరి ఇంజన్లే ఎందుకు?

"ఈ కాలంలో ఆవిరి ఇంజన్లతో పనేంటి మేడమ్? వందే భారత్ బొమ్మ కొనొచ్చుగా" అని ఒక అమ్మగారు అడిగారు. మంచి ప్రశ్నే. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి రైళ్లు 1995 డిసెంబరుతో ముగిశాయి. అప్పటికి నేనే పుట్టలేదు. అయినా పిల్లలు వాటి దగ్గరే ఎందుకు ఆగిపోతారంటే, ఆవిరి ఇంజన్‌లో పని అంతా బయటికి కనిపిస్తుంది. సిలిండర్‌లో పిస్టన్ ముందుకీ వెనక్కీ కదలడం, దాని కడ్డీ చక్రాన్ని తిప్పడం, ఆ చక్రానికి కట్టిన మరో కడ్డీ మిగతా చక్రాల్ని తిప్పడం, అంతా కళ్లముందే జరుగుతుంది. కరెంటు ఇంజన్‌లో అదంతా డబ్బా లోపల ఉంటుంది.

ఇంజన్ పేరు కూడా ఒక పాఠమే. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మనకు వచ్చిన పేరున్న ప్యాసింజర్ ఇంజన్ డబ్ల్యూపీ. చిత్తరంజన్ కార్ఖానాలో 1950లో తయారైన మొదటి ఇంజన్ డబ్ల్యూజీ తరగతిది. 'డబ్ల్యూ' అంటే బ్రాడ్‌గేజ్, 'పీ' అంటే ప్యాసింజర్, 'జీ' అంటే గూడ్స్. ఈసారి సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో ప్లాట్‌ఫామ్ మీద నిలబడినప్పుడు కరెంటు ఇంజన్ మీద 'డబ్ల్యూఏపీ' అన్న అక్షరాలు మీ పాపకి చూపించండి. మధ్యలో చేరిన 'ఏ' ఏమిటో తనే ఊహిస్తుంది. అది ఏసీ కరెంటుకి గుర్తు.

కొనడం కంటే ప్లాన్ వేయడం ముఖ్యం

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లల హాబీ విషయంలో మనం రెండు తప్పులు చేస్తున్నాం. ఒకటి, పూర్తిగా మాన్పించడం. రెండోది, పుట్టినరోజుకి ఖరీదైన సెట్ మొత్తం ఒకేసారి కొనిచ్చి చేతులు దులుపుకోవడం. రెండో తప్పు ప్రేమగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం కష్టం.

మోడల్ ఇంజన్లు చాలావరకు విదేశాల నుంచి రావాలి, ఖరీదు ఎక్కువే. కాబట్టి అప్పు చేసి కొనండని నేను చెప్పను. అద్దాల బీరువాలో పెట్టెలు విప్పని పది ఇంజన్లు ఉండటం కంటే, మీ అబ్బాయికి లోపలా బయటా తెలిసిన ఇంజన్ ఒక్కటి ఉంటే మేలు. సేకరించే వాళ్లని తక్కువ చేయడం లేదు. ఏది కొనాలో తెలియాలన్నా ముందు ఒకదాన్ని బాగా చూసి ఉండాలి కదా.

ఖర్చు లేని పని ప్లాన్ వేయడం. చార్ట్ పేపర్, స్కేలు, కంపాస్ చాలు. ఓఓ స్కేలులో ఎక్కువగా వాడే వంపు పట్టా వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. అంటే పూర్తి చుట్టు వేయాలంటే అడ్డంగా దాదాపు 88 సెంటీమీటర్లు కావాలి, అంచులతో కలిపితే ఇంకా ఎక్కువ. కార్పెంటర్ దగ్గర దొరికే ఎనిమిదడుగుల బై నాలుగడుగుల ప్లైవుడ్ షీట్ మీద అది హాయిగా పడుతుంది. ఆ షీట్ హాల్లో పడుతుందా లేదా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క!

మన అబ్బాయికి రాజమండ్రిలో వాళ్ల అమ్మమ్మగారి ఇల్లు. 1900లో రైళ్లు మొదలై 1997 దాకా నడిచిన పాత గోదావరి వంతెన, హేవలాక్ బ్రిడ్జి, వాడికి ప్రాణం. ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా వెళ్లేలా అలాంటి వంతెన కట్టాలనుకున్నాడు. కింద రైలు తగలకుండా పోవాలంటే ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు కావాలి. చిన్న ఇంజన్ జారకుండా ఎక్కాలంటే మీటరుకి మూడు సెంటీమీటర్లకు మించి వాలు ఉండకూడదు. అంటే ఎక్కడానికి రెండున్నర మీటర్లు, దిగడానికి మరో రెండున్నర. వాళ్ల హాలు పొడవు నాలుగు మీటర్లు. ఆ లెక్క కింద "మా ఇంట్లో పట్టదు" అని రాసి, రెండు గీతలు గీశాడు. అనుకున్నది సాధ్యం కాదని తనంతట తనే తెలుసుకుని, ఏడవకుండా ఇంకో ప్లాన్ మొదలుపెట్టడం మన వర్క్‌షీట్లలో ఏది నేర్పుతుందో నాకు తెలియదు.

టూ బీహెచ్‌కే ఫ్లాట్ వాళ్లకి ఒక మాట

ఎనిమిదడుగుల బల్లకి చోటు లేదా? అలమర లాంటి నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క చాలు. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే ఆయన తయారుచేసిన 'ఇంగిల్‌నుక్ సైడింగ్స్' అనే షంటింగ్ ఆట ఉంది. మూడు సైడింగ్‌లు, రెండు పాయింట్లు, ఒక చిన్న ఇంజన్, ఎనిమిది వ్యాగన్లు. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండిట్లో మూడేసి మాత్రమే పడతాయి. ఇంజన్ ఆగే లైనులో ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లకే చోటు. చీటీలు తీసి, వచ్చిన ఐదు వ్యాగన్లని వచ్చిన వరుసలోనే నిలబెట్టాలి. మొదటి చోటుకి ఎనిమిది అవకాశాలు, రెండో చోటుకి ఏడు, అలా గుణించుకుంటూ పోతే 6720 వరుసలు. ఇంటర్‌లో పర్మ్యుటేషన్స్ అని భయపెట్టే పాఠం ఇదే.

ఫిజిక్స్ కూడా ఇందులోనే ఉంది. మామూలు సెట్లు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఒక పట్టా ప్లస్, ఒక పట్టా మైనస్. వాటిని తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. రైలు గుండ్రంగా తిరిగి తను వచ్చిన లైనులోకే ఎదురుగా చేరేలా పట్టా వేస్తే, ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాని తాకుతుంది. షార్ట్ సర్క్యూట్! ఎందుకో చెప్పేయకండి. వాళ్లనే కాగితం మీద రెండు రంగుల పెన్సిళ్లతో గీయమనండి.

నా విన్నపాలు నాలుగు

ఒకటి. వారానికి ఒక గంట కేటాయించండి, ఆ గంటని శిక్షగా కోత పెట్టకండి. పరీక్షల వారంలో బల్ల మీద పాత దుప్పటి కప్పండి చాలు. సజ్జ ఎక్కించొద్దు.

రెండు. మీరు పూర్తి చేసి ఇవ్వకండి. స్టేషన్ అట్టపెట్టెతో వంకరగా కట్టినా అది వాళ్ల స్టేషనే. 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటాలని ఫెవికాల్‌తో అంటించబోతే రెండుసార్లు కూలుతాయి. కూలనివ్వండి.

మూడు. ఇది మగపిల్లల ఆట అనుకోకండి. ఆ ఇంట్లో ఇప్పుడు పాయింట్లు మార్చేదీ, టైంటేబుల్ రాసేదీ వాడి చెల్లెలు, నాలుగో తరగతి. ఆలస్యమైతే అన్నయ్యకి ఫైన్ వేస్తుంది.

నాలుగు. ఇది అందరికన్నా నాకు నేను చెప్పుకోవాల్సింది. దీన్ని స్కూల్ ప్రాజెక్టుగా మార్చొద్దు. పోటీలు, సర్టిఫికెట్లు, గ్రేడ్లు పెట్టొద్దు. మనం మార్కులు వేయని పని ఒక్కటైనా పిల్లల దగ్గర మిగలాలి.

సెలవుల్లో ఢిల్లీ వెళ్తే 1977 నుంచి ఉన్న నేషనల్ రైల్ మ్యూజియం చూపించండి. పుణె వెళ్తే కొత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. ఊటీ వెళ్తే కారు వదిలేసి ఒక్కసారైనా కొండ రైలు ఎక్కండి. వీటన్నిటికీ వెనక ఒక తండ్రి కథ కూడా ఉంది. లివర్‌పూల్‌లో గుమాస్తాగా పనిచేసిన ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం ఇంట్లో రేకు ముక్కలు కత్తిరించి, రంధ్రాలు చేసి, బోల్టులతో బిగించే బొమ్మ తయారుచేశాడు. 1901లో పేటెంట్ తీసుకున్న ఆ ఆటే మెకానో. ఆయన కంపెనీ 1920లో బొమ్మ రైళ్లు మొదలుపెట్టింది. ఇదంతా పిల్లలతో బల్ల దగ్గర కూర్చున్న ఒక నాన్నతో మొదలైంది.

మన అబ్బాయి మార్కులు ఆకాశానికి ఎగిశాయని చెబితే అబద్ధమవుతుంది. ఇరవైకి పదమూడు, పద్నాలుగు దగ్గరే ఉన్నాడు. కానీ పోయిన వారం క్లాసు అయ్యాక మళ్లీ నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "మేడమ్, మన బ్రాడ్‌గేజ్ 1676 కదా. డెబ్భై ఆరో వంతుకి 22 మిల్లీమీటర్లు వస్తోంది. అంత వెడల్పు పట్టా మనమే చేసుకోవచ్చా?"

జవాబు నాకు తెలియదు. సిలబస్‌లో లేదని మాత్రం ఈసారి అనలేదు. కుర్చీ లాగి కూర్చోమన్నాను.

మీ పిల్లల మ్యాథ్స్ టీచర్