గుంపు బుద్ధి



పట్టణమునుండి మన పల్లెలకు వచ్చి ఉపన్యసించు పెద్దలు కొందరు తరచుగా ఒక మాట చెప్పుచుందురు. "జనులు చదువులేనివారు గనుక గొఱ్ఱెలవలె ఎవడు తోలిన వానివెంట పోవుచున్నారు. చదువు వచ్చినచో నియంతల ఆటలు సాగవు" అందురు. వినుటకు ఈ మాట న్యాయముగానే తోచును. మనలో అనేకులు తల వంచుకొని ఒప్పుకొందురు కూడ. నేను ఒప్పుకొనను. చదువును తక్కువ చేయవలెనని కాదు. మిషను బడిలో పలక పట్టిన నాకు చదువు విలువ తెలియును. అయితే ఈ మాట సత్యము కాదు. అంతకంటె కీడేమనగా, ఇది చదువుకొన్నవానికి తాను క్షేమముగా నున్నానను భ్రమ కలిగించును. "చదవేస్తే ఉన్నమతి పోయింది" అని మన పెద్దలు ఊరకే అనలేదు.

చదువరుల దేశమున జరిగినది

జర్మనీ దేశమును చూడుడి. గూటెన్‌బర్గు అచ్చు పని సాగించినది అక్కడనే. లూథరు 1534లో బైబిలు అంతటిని సామాన్య జనుల భాషలో వెలువరించినది అక్కడనే. 19వ శతాబ్దమున మన నాయుడుపేట, గూడూరు ప్రాంతములకు సువార్తికులను పంపిన హెర్మన్స్‌బర్గు మిషను ఆ దేశపుదే. 1933 నాటికి నోబెల్ బహుమానములను అందరికంటె ఎక్కువగా పొందినవారు జర్మనులే. ఊరూర బడి, ఊరూర గుడి. అక్షరము రానివాడు అక్కడ అరుదు.

అట్టి దేశమున 1933 జనవరి 30న అడాల్ఫ్ హిట్లరు ఛాన్సలరు, అనగా ప్రధానమంత్రి, ఆయెను. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనము తగులబడెను. మరునాడే పౌరుల హక్కులు రద్దు చేయబడెను. మార్చి 23న ఆ పార్లమెంటే చట్టములు చేయు తన అధికారమును తన చేతులార అతనికి అప్పగించెను. అనుకూలముగా 444 ఓట్లు. ప్రతికూలముగా 94 మాత్రమే. ఆ 94 మందియు సోషల్ డెమోక్రాటు పక్షమువారు. ఆయుధములు ధరించిన దళములు సభలో వరుసగా నిలిచి చూచుచుండగా వారు కాదని ఓటు వేసిరి.

అటు తరువాత పండితులు ఏమి చేసిరి? మే 10న బెర్లిను నగరమున ఇరువది వేలకు పైగా గ్రంథములను చితిగా పేర్చి కాల్చినవారు ఎవరు? చదువురాని కూలీలా? కాదు, విశ్వవిద్యాలయపు విద్యార్థులు. 1905లో నోబెల్ బహుమానము పొందిన లెనార్డు, 1919లో పొందిన స్టార్కు అను శాస్త్రజ్ఞులిద్దరు, ఐన్‌స్టయిను చెప్పిన శాస్త్రము యూదుల శాస్త్రము గనుక పనికిరాదని వాదించిరి. హైడెగ్గరు అను ప్రఖ్యాత తత్త్వవేత్త ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమునకు అధిపతియై ఆ మే నెలలోనే నాజీ పక్షమున చేరెను. రోగులను బ్రదికించుటకు ప్రమాణము చేసిన వైద్యులే, మతి చలించినవారిని, అంగవికలులను ఏరి, విషవాయువుతో చంపుటకు గుర్తులు పెట్టిరి. 1941 ఆగస్టు నాటికి అట్లు చంపబడినవారు డెబ్బది వేలమంది.

1942 జనవరి 20న బెర్లిను సమీపమున వాన్‌సే అను చెరువు గట్టున ఒక మేడలో పదునైదుగురు అధికారులు కూడిరి. యూరపులోని యూదులందరిని నిర్మూలము చేయు పనిని ఏ శాఖ ఎట్లు నిర్వహింపవలెనో సుమారు గంటన్నర సేపు మాటలాడుకొనిరి. ఆ పదునైదుగురిలో ఎనిమిదిమంది డాక్టరు పట్టము పొందినవారు. వారు అరువలేదు, పండ్లు కొరుకలేదు. చక్కగా లెక్కలు వేసి, పొందికైన మాటలతో కార్యక్రమము వ్రాసికొనిరి. ఆ యుద్ధము ముగియునప్పటికి అరువది లక్షల యూదులు హతులైరి.

ఇప్పుడు చెప్పుడి. చదువులేమియే కారణమా?

బుద్ధి ఎవరి పక్షపు ప్లీడరు?

మనము బుద్ధిని న్యాయాధిపతి అనుకొందుము. సాధారణముగా అది ప్లీడరు మాత్రమే. హృదయము ముందుగా ఒక పక్షమును చేరును. పిమ్మట బుద్ధి ఆ పక్షమునకు వాదనలు వెదకి తెచ్చును. హృదయము భయమును చేరినయెడల భయమునకు కారణములు చూపును. గర్వమును చేరినయెడల గర్వమునకు శాస్త్రములు చూపును. ఎంత గొప్ప బుద్ధియో అంత గట్టి వాదన. కనుకనే పండితుడు తప్పుదారి పట్టినప్పుడు పామరునికంటె దూరము పోవును.

జర్మనుల హృదయము ఎట్లు చెరపట్టబడినది? 1918లో యుద్ధమున ఓడిన అవమానము ఉండెను. 1923 నవంబరునాటికి ఒక్క డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు ఈయవలసివచ్చెను. ముసలివాండ్రు జీవితమంతయు కూడబెట్టినది ఒక రొట్టెకు చాలకపోయెను. 1932లో అరువది లక్షలమందికి పని లేదు. ఇట్టి బాధలో ఉన్నవానికి రెండు సంగతులు తియ్యగా నుండును. నీ బాధకు ఫలానివాడు కారణమని ఒకడు వ్రేలు చూపుట ఒకటి. నీవు గొప్పజాతివాడవని పొగడుట రెండవది. హిట్లరు ఈ రెండును చేసెను. 1933 ఆగస్టులో 76 మార్కులకే దొరకు ప్రజల రేడియోను సిద్ధపరచిరి; ఇంటింట ఒకే కంఠము వినబడెను. వేలమంది ఒకే దుస్తులతో, ఒకే అడుగుతో, ఒకే నినాదముతో నడచునప్పుడు ఒక్కొక్కని లోపలి సన్నని స్వరము అణగిపోవును. "నలుగురితో నారాయణ" అని మన దేశపు సామెత. జర్మనీలో ఆ నలుగురు కోట్లమందియైరి. 1934 ఆగస్టు 19న హిట్లరుకు సర్వాధికారము సమ్మతమేనా అని జనులనడిగినప్పుడు ఓటు వేసినవారిలో నూటికి సుమారు తొంబదిమంది సమ్మతమనిరి.

దీనిని దగ్గరనుండి కన్నవాడొకడు కలడు: డీట్రిచ్ బోన్‌హోఫర్ అను సంఘకాపరి. హిట్లరు అధికారమునకు వచ్చిన రెండవ దినముననే, అనగా 1933 ఫిబ్రవరి 1న, నాయకుని దేవునిగా చేసికొను ప్రమాదమునుగూర్చి ఈయన రేడియోలో మాటలాడెను. ప్రసంగము ముగియకముందే ప్రసారము ఆగిపోయెను. పది సంవత్సరముల అనుభవము తరువాత, 1942 చివర, ఆయన తన స్నేహితులకొరకు ఒక వ్యాసము వ్రాసెను. మూర్ఖత్వము దుర్మార్గతకంటె అపాయకరమనియు, అది బుద్ధిలోని లోపము కాదనియు, గొప్ప అధికారము పెచ్చరిల్లునప్పుడు మనుష్యులు తమ స్వంత నిర్ణయమును వదలుకొనుటచేత కలుగు జబ్బనియు అందులో వివరించెను. 1943 ఏప్రిల్ 5న ఆయనను చెరపట్టిరి. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గు నిర్బంధ శిబిరమున ఉరితీసిరి.

గుడిలోని గుంపు

"చదువు కాపాడలేదు సరే, భక్తి కాపాడదా?" అని మీరు అడుగుదురు. ఇక్కడనే మనము సిగ్గుతో తల దించవలెను. 1933 జూలై 23న జర్మను ప్రొటెస్టంటు సంఘములలో ఎన్నికలు జరిగెను. నాజీలకు అనుకూలమైన "జర్మను క్రైస్తవులు" అను పక్షము గొప్ప ఆధిక్యముతో గెలిచెను. ఆ సెప్టెంబరులో ప్రష్యా దేశపు సంఘ మహాసభ, యూదుల సంతతివారు కాపరులుగా నుండరాదని తీర్మానించెను. అనగా పౌలు వచ్చినను బోధించుటకు వీలులేదు! నవంబరు 13న బెర్లినులో సుమారు ఇరువది వేలమంది కూడిన సభలో, పాత నిబంధనను పారవేయవలెనని ఒకడు ప్రసంగింపగా జనులు చప్పట్లు కొట్టిరి. వీరందరు బాప్తిస్మము పొందినవారే, ఆదివారము బల్లయొద్దకు వచ్చువారే.

ఎదిరించినవారు లేకపోలేదు. 1934 మేలో బార్మెన్ పట్టణమున కూడిన కాపరులును సంఘస్థులును, సంఘమునకు క్రీస్తు తప్ప వేరొక ప్రభువు లేడని ఆరు అంశములలో ప్రకటించిరి. ఆ ప్రకటన వ్రాయుటలో ముఖ్యుడైన కార్ల్ బార్తు, హిట్లరుకు షరతులేని ప్రమాణము చేయనొల్లక 1935లో తన ఉద్యోగమును కోల్పోయెను. అయితే ఆ ప్రకటనలో సయితము యూదులనుగూర్చి ఒక్క మాట లేదు. ధైర్యవంతుడైన నీమొల్లరు కాపరియు మొదట హిట్లరుకు ఓటు వేసినవాడే. 1937నుండి 1945వరకు చెరలో ఉండి వచ్చిన పిమ్మట, తన మౌనమునుగూర్చి ఊరూర తిరిగి ఒప్పుకొనెను. 1945 అక్టోబరులో స్టుట్గార్టులో జర్మను సంఘ నాయకులు తమ అపరాధమును బహిరంగముగా ఒప్పుకొనిరి. ఒప్పుకొనుట మంచిదే, కాని చచ్చినవారు లేవలేదు.

బుద్ధిని విడిచిపెట్టుదమా?

"అట్లయిన బుద్ధితో పనిలేదు, కన్నులు మూసికొని నమ్ముటయే మేలు" అని కొందరు బోధకులు త్వరపడుదురు. ఇదియు తప్పే. కన్నులు మూసికొని నమ్మినందుననే గదా జర్మనీ గోతిలో పడినది! దేవుడు బుద్ధిని ఇచ్చినది వాడుటకే. బుద్ధికి ఒక మేర కలదు: అది దారి చూపగలదు గాని, ఏ ఊరికి పోవలెనో నిర్ణయింపలేదు. లాంతరు దొంగ చేతిలోనైనను వెలుగును, కావలివాని చేతిలోనైనను వెలుగును. కనుక లాంతరును పగులగొట్టక, పట్టుకొన్న చేతిని పరీక్షింపవలెను.

నా లెక్క

ఇదంతయు దూరదేశపు కథ, పల్లెటూరి సంఘమునకేమి అనుకొందురేమో. నా కథ చెప్పుదును.

నా యౌవనమందు మా సంఘమునకు నేనే లెక్కలు వ్రాయువాడను. ఒక కోతపండుగనాడు పెట్టెలోని రొక్కము కానుకల జాబితాకు 90 రూపాయలు తగ్గెను. గుడి ఊడ్చు ఒక విధవరాలివద్ద తాళపుచెవి ఉండెను. ఆమె బీదరాలు, కూతురి పెండ్లి అప్పుడే అయినది. ఇంకేమి కావలెను? బుద్ధి చక్కగా పనిచేసెను, కారణములన్నియు వరుసగా వచ్చి నిలిచెను. సంఘము కూడినప్పుడు ఒక పెద్ద లేచి ఆమెను బల్లనుండి తొలగింపవలెననెను. ఒక చేయి లేచెను, పది లేచెను, అన్నియు లేచెను. నా చేయియు లేచెను. "ఏకగ్రీవముగా" అని ముత్యములవంటి అక్షరములతో పుస్తకములో వ్రాసితిని. ఆమె కూతురి ఊరికి వెళ్లిపోయెను.

మరుసటి కోతపండుగకు పాత జాబితా తీసి చూడగా, 10 అని ఉన్నచోట నేను 100గా కూడినట్లు కనబడెను. దొంగ లేడు, తప్పు నాదే. నేను వెళ్లి ఆమె కాళ్లమీద పడితిని. ఆమె కోపపడలేదు. "లెక్క ఎవరికైనా తప్పుద్ది బాబూ. కాని అంతమంది చేతులెత్తారు, ఒక్కరన్నా నా మొకం చూడలేదు" అన్నది. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

ఆనాడు మా సభలో నియంత లేడు, తుపాకి లేదు. చేయి దించితే నలుగురు ఏమనుకొందురో అను భయము మాత్రమే ఉండెను. ఆ భయము గుడిలో పుట్టి, పెరిగి, రాజ్యమంత పెద్దదైనప్పుడు దానికి మనము నియంతృత్వము అని పేరు పెట్టుదుము.

మనము చేయవలసినది

కావున సహోదరులారా, సహోదరీలారా, చేయి ఎత్తకముందు మిమ్మును మీరు అడుగుకొనుడి. నన్ను తొందరపెట్టుచున్నారా? సత్యమునకు ఒక రాత్రి ఆలస్యమైనను నష్టము లేదు, అబద్ధమునకే తొందర. నేరము మోపబడినవాని మాట వింటినా, వాని ముఖము చూచితినా? పరిసయ్యుల సభలో నీకొదేము ఒక్కడే ఆ ప్రశ్న అడిగెను. ప్రశ్న అడిగినవానిని ద్రోహి అనుచున్నారా? అట్లయిన ఆ ప్రశ్నయందు ఏదో సత్యమున్నది. దేవునికి మాత్రమే చెల్లవలసిన విధేయతను మనుష్యునికి గాని, పక్షమునకు గాని, కులమునకు గాని అడుగుచున్నారా? ఆనాడు రేడియో చేసిన పని నేడు మన జేబులోని సెల్ ఫోను చేయుచున్నది. ఎవరో పంపిన మాటను మరి పదిమందికి పంపుటయు ఒక చేయి ఎత్తుటయే.

అహాబు రాజు ఎదుట నాలుగువందలమంది ప్రవక్తలు ఒకే మాట పలికిరి. మీకాయా ఒక్కడే వేరుగా పలికెను. చెంపదెబ్బ తినెను, చెరలో వేయబడెను. యుద్ధమునకు పోయిన రాజు తిరిగి రాలేదు. లెక్క చూచినచో నాలుగువందలకు ఒకటి. కాని సత్యము ఆ ఒక్కనియొద్ద ఉండెను.

మీ సంఘములో వచ్చు కూటమునకు వెళ్లునప్పుడు ఇది జ్ఞాపకముంచుకొనుడి. అందరి చేతులు లేచినప్పుడు, కడపటి బల్లమీద కూర్చున్న ఒకరు లేచి, "అయ్యా, ఆమె మాట మనము వినలేదు" అని చెప్పినయెడల చాలును. మా సంఘములో ఆనాడు ఆ ఒక్కరు లేరు. మీ సంఘములో ఆ ఒక్కరు మీరే కావలెనని నా ప్రార్థన.