తోటిపిల్లల కోర్టులో ఆడపిల్ల

అమెరికాలో ‘టీన్ కోర్టు’ అనీ ‘యూత్ కోర్టు’ అనీ పిలిచే ఏర్పాటు గురించి మొదటిసారి విన్నవాళ్ళకెవరికైనా ముచ్చటేస్తుంది. దుకాణంలో చిన్న వస్తువేదో దొంగిలించినందుకో, బడిలో కొట్లాడినందుకో, వయసు రాకుండా మద్యం దగ్గర పెట్టుకున్నందుకో పట్టుబడిన పిల్లల్ని అక్కడ వాళ్ళ ఈడు పిల్లల ముందే నిలబెడతారు. వాదించేది పిల్లలే, జ్యూరీలో కూర్చునేది పిల్లలే, కొన్నిచోట్ల జడ్జీలు కూడా పిల్లలే. పెద్దవాళ్ళ న్యాయవ్యవస్థ పెత్తనాన్ని ప్రశ్నిస్తూ వచ్చిన మనలాంటి వాళ్ళకు ఇందులో ఆకర్షణ ఉండడం సహజం. నాకూ ఉంది. అయితే ఆడపిల్లల వైపు నుంచి చూస్తే ఈ కోర్టు గుమ్మం దగ్గరే నాకొక అభ్యంతరం ఉంది.

ముందు ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. టెక్సాస్ రాష్ట్రంలోని ఒడెస్సా పట్టణంలో 1983లో మొదలైన కోర్టుతో ఈ పద్ధతికి దేశమంతటా పేరొచ్చింది. 1990ల మొదట్లో పదుల సంఖ్యలో ఉన్నవి తర్వాతి పదేళ్ళలో వందలకు పెరిగాయి. పోలీసులో, ప్రొబేషన్ శాఖో, బడో కేసును ఇక్కడికి పంపిస్తారు. సాధారణంగా అది మొదటి తప్పు అయి ఉండాలి, చిన్నది అయి ఉండాలి. ఎక్కువచోట్ల జడ్జీ కుర్చీలో పెద్దవాళ్ళే ఉంటారు, పిల్లలు వకీళ్ళుగా, జ్యూరీగా పని చేస్తారు. కొన్నిచోట్ల ముగ్గురు పిల్లలు బెంచీగా కూర్చుంటారు. ఇంకొన్నిచోట్ల వకీళ్ళే ఉండరు, జ్యూరీ పిల్లలు ఎదుటి పిల్లనో పిల్లాడినో నేరుగా ప్రశ్నలడుగుతారు. ‘ఆ రోజు నీతో ఎవరున్నారు?’, ‘మీ అమ్మకు ఎప్పుడు చెప్పావు?’ వంటి ప్రశ్నలు. పెద్దవాళ్ళకు తోచనివీ, తోచినా జవాబు రానివీ పిల్లలకు పిల్లలు అడగగలరు. శిక్షలు ఇన్ని గంటల సంఘసేవ, క్షమాపణ ఉత్తరం, నష్టపరిహారం, వ్యాసం రాయడం వంటివి. అవి పూర్తిచేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. చెయ్యకపోతే మామూలు జువెనైల్ కోర్టుకు తిరిగి వెళ్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను నిజంగా ఆకట్టుకున్న శిక్ష మరొకటి. చాలా కోర్టుల్లో, తీర్పు పొందిన పిల్లలు తర్వాత కొన్నిసార్లు వచ్చి ఇతరుల కేసుల్లో జ్యూరీగా కూర్చోవాలి. నిన్న తలదించుకుని నిలబడ్డ పిల్ల ఇవాళ ఇంకొకరి మాట విని, ఆలోచించి, నిర్ణయంలో పాలు పంచుకుంటుంది. ‘నేరస్తురాలు’ అన్న ముద్రను చెరపడానికి ఏ కౌన్సెలింగూ ఇంత చెయ్యదని నా అభిప్రాయం.

ఫలితాల గురించి చెప్పాలంటే, అర్బన్ ఇన్‌స్టిట్యూట్ 2002లో ప్రచురించిన అధ్యయనం నాలుగు రాష్ట్రాలను చూసింది. ఆరు నెలల్లోపు మళ్ళీ కేసులో ఇరుక్కున్నవాళ్ళు అలాస్కాలోని యాంకరేజ్ యూత్ కోర్టులో 6 శాతం, అదే రాష్ట్రంలో మామూలు పద్ధతిలో వెళ్ళినవాళ్ళలో 23 శాతం. మిస్సోరీలో ఇవి 9, 28. ఈ రెండుచోట్లా జడ్జీ కుర్చీలో కూర్చునేది పిల్లలే. యాంకరేజ్‌లో అయితే వాళ్ళు కొన్ని వారాలు చట్టం పాఠాలు విని, వకీళ్ళు రాసే పరీక్షలాంటిది గట్టెక్కిన తర్వాతే కేసులు చేపడతారు. మేరీలాండ్‌లో మాత్రం తేడా ఏమంత తేలలేదు. అక్కడ పోల్చింది, పోలీసులే పిల్లల్ని కోర్టుదాకా రానివ్వకుండా ఇటువంటి సేవలకు పంపించే పద్ధతితో. కాబట్టి మేలు చేసింది తోటిపిల్లల తీర్పా, లేక జువెనైల్ కోర్టు మెట్లెక్కకుండా తప్పించడమా అన్నది మిగిలే ఉంది.

ఇప్పుడు గుమ్మం సంగతి. ఈ కోర్టుల్లో చాలావాటికి రావాలంటే ముందు ‘చేశాను’ అని ఒప్పుకోవాలి. చేసిందా లేదా అన్న విచారణ అక్కడ ఉండదు. ఏం చెయ్యాలన్నదే తేలుస్తారు. దుకాణంలో లిప్‌స్టిక్ తీసిన పిల్ల విషయంలో దీనివల్ల పెద్ద చిక్కు లేదు. ఇంట్లో కొట్లాట కేసులో వచ్చిన ఆడపిల్ల సంగతి ఏమిటి?

ఇది ఊహకు తెచ్చుకున్న పిల్ల కాదు. గృహహింస ఫిర్యాదు వస్తే ఎవరో ఒకరిని తప్పనిసరిగా అరెస్టు చెయ్యాలన్న విధానాలు అమెరికాలో 1980ల నుంచి వ్యాపించాయి. వాటికోసం పోరాడింది స్త్రీల ఉద్యమమే. ఆ విధానాల వల ఆడపిల్లల మీదా పడింది. తల్లితోనో తండ్రితోనో పెనుగులాటలో చెయ్యి విసిరిన కూతురు ‘దాడి’ కేసులో ముద్దాయి అయింది. ఆ దేశపు న్యాయశాఖ ఆధ్వర్యంలో ఆడపిల్లల నేరాలను పరిశీలించిన బృందం 2008లో చెప్పింది ఇదే: హింస కేసుల్లో ఆడపిల్లల అరెస్టులు పెరగడానికి వాళ్ళ ప్రవర్తన మారడంకంటే అరెస్టు విధానాలు మారడమే ప్రధాన కారణం.

ఆ కూతురు టీన్ కోర్టుకు వస్తే ‘అవును, కొట్టాను’ అనే రావాలి. ఎందుకు కొట్టిందో చెప్పుకునే వీలు అక్కడ లేకపోలేదు. కానీ తన బడిలోనే చదివే పిల్లల ముందు, ఇంట్లో తనమీద ఏం జరుగుతోందో ఆ పిల్ల చెబుతుందా? వాళ్ళు గోప్యత పాటిస్తామని ప్రమాణం చేసినవాళ్ళే కావచ్చు. పైగా కేసు నమోదు కాకుండా పోవాలంటే ఇదే దారి అని పెద్దలు నచ్చజెప్పినప్పుడు ఆ ఒప్పుకోలును స్వచ్ఛందం అనగలమా? ‘రాజీ’ అన్న మాట వెనక ఎంత బలవంతం ఉంటుందో కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసిన మనకు వేరే చెప్పనక్కర్లేదు.

వకీలు ఎదుట ఉండాలి, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదు అన్న హక్కుల్ని అమెరికా పిల్లలు ఊరికే పొందలేదు. 1967లో జెరాల్డ్ గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చెబితేగాని అవి రాలేదు. ఒక అసభ్య ఫోన్ కాల్‌కు పదిహేనేళ్ళ పిల్లాడిని ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా సంస్కరణాలయంలో పెట్టవచ్చని తీర్పిచ్చిన కేసది. అదే పని పెద్దవాళ్ళు చేస్తే యాభై డాలర్ల జరిమానా, లేదా రెండు నెలల జైలు! పిల్లల మంచికే అంటూ హక్కుల్ని పక్కన పెట్టడం కొత్తది కాదు. పిల్లలే తీర్పరులైనంత మాత్రాన అది మారిపోదు.

మన దగ్గర ఇటువంటిది పెడదామన్న మాట వస్తే ఏమనాలి? 2015 చట్టంలో ‘బాలల న్యాయస్థానం’ అన్న మాట ఉంది గానీ అది సెషన్స్ స్థాయి కోర్టు, దీనికీ దానికీ సంబంధం లేదు. మన జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వారిలో కనీసం ఒకరు స్త్రీ. నేరం ఒప్పుకొమ్మని పిల్లల్ని బలవంతపెట్టకూడదని 2016 నియమావళి చెబుతోంది. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. తోటిపిల్లల్ని తీర్పు చెప్పమని కూర్చోబెడితే ఈ రెండు రక్షణలూ సడలుతాయి. ఆ పైన మన ఊళ్ళలో ‘తోటివాళ్ళు’ అంటే ఎవరు? దళితవాడ పిల్ల మీద ఊరి పిల్లలు తీర్పు చెబితే, ఎవరితోనో మాట్లాడిందన్న పుకారున్న పిల్ల మీద తరగతి పిల్లలు తీర్పు చెబితే, కులపంచాయితీకి లాగూ గౌనూ తొడిగినట్టు అవుతుంది. అందుకే తీర్పు కుర్చీని దిగుమతి చేసుకోవడానికి నేను ఒప్పుకోను.

ఆ జ్యూరీ శిక్షలోని ఆలోచన మాత్రం వదలబుద్ధి కావడం లేదు. మన చట్టం కిందనే బోర్డు సామూహిక కౌన్సెలింగు, సంఘసేవ ఆదేశించవచ్చు. సంఘసేవ అనగానే ఊడవడం, మొక్కలు నాటడం మాత్రమే ఎందుకు గుర్తుకు రావాలి? కేసు ముగించుకున్న అమ్మాయి, తనకు ఇష్టమైతేనే, కొత్తగా వచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని బోర్డు అంటే ఏమిటో, అక్కడ ఏం అడుగుతారో, ఏది చెప్పనక్కర్లేదో వివరించవచ్చు. బోర్డుల్లో సభ్యులుగా ఉన్న మన మిత్రులు ఈ విషయం మీద తమ అనుభవాలు రాస్తే వచ్చే సంచికలో చర్చ కొనసాగించవచ్చు.