తట్ట మోయడానికి విమానం టికెట్టు

మొన్న నిజామాబాద్‌లో ఒక సన్మాన సభ. ఓ పెద్దాయన మైకు వదల్లేదు. ఆయన మనవడు సెలవుల్లో కంబోడియా పోయి పేదలకు ఇళ్లు కట్టొచ్చాడట. మన పిల్లలంతా ఇలాంటి సేవ నేర్చుకోవాలట. చప్పట్లు మోగాయి. నాకు ఒళ్లు మండింది.

ఇల్లు కట్టడానికి పరదేశం పోవడం ఈ జిల్లాకు కొత్తా? ఆర్మూరు, బాల్కొండ, ఎడపల్లి, రెంజల్ పల్లెల నుంచి సుతారి మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు దశాబ్దాలుగా దుబాయ్, దోహా, మస్కట్ పోతూనే ఉన్నారు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, పాస్‌పోర్టు కఫీల్ అనే అక్కడి యజమాని చేతిలో పెట్టి, నిప్పులు చెరిగే ఎండలో ఎవరివో అంతస్తులు లేపారు. జీతం ఎగ్గొట్టిన కంపెనీ నుంచి బయటపడి, కాగితాల్లేని ఖల్లివెల్లి అయ్యారు. ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఎప్పుడిస్తారా అని దాక్కుని బతికారు. శవమై పెట్టెలో వస్తే ఇంటివాళ్లకు 5 లక్షలిస్తామని ప్రభుత్వం ఉత్తర్వు తీసింది 2024లో! మనవడు రెండు వారాలు తట్ట మోస్తే సేవ, మేస్త్రి ఇరవయ్యేళ్లు మోస్తే కూలి. ఏ శాలువా ఎవరి భుజానికో ముందే రాసిపెట్టి ఉంది.

అయినా రెండు వారాల్లో ఏం కడతాడండీ? రసమట్టం చూడటం రాదు, మాలు కలపడం రాదు. వంకరపోయిన గోడను సాయంత్రం అక్కడి మేస్త్రే విప్పి కట్టాలి. ఆ విమానం చార్జీ అతనికే కూలిగా ఇవ్వొచ్చుగా? బుద్ధి వికసిస్తుందంటారు. వికసించనీయండి, పరాయివాడి గోడ మీద ఎందుకు?

వెంటనే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ పేరెత్తుతారు. పేదలకు ఇళ్లు కట్టించే ఆ సంస్థ 1976లో అమెరికాలో పుట్టింది; మన దేశంలో పని మొదలుపెట్టింది 1983లో, మన ఖమ్మంలోనే. ఇంటివాడు తానూ చెమటోడ్చాలి, అప్పు తీర్చాలి, దానిమీద సంస్థ లాభం తీసుకోకూడదు అన్నది వాళ్ల మూలసూత్రం. ఆ ముక్క మన వక్తలకు గుర్తుండదు. 2006లో లోనావాలా దగ్గర అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇటుకలు పేర్చిన ఫొటో మాత్రం గుర్తుంటుంది.

ఇటుకల మీద అంత ప్రేముంటే బోధన్ బస్సెక్కండి, గంట ప్రయాణం. శక్కర్‌నగర్‌లో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 2002లో పెద్ద వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి మూసేశారు. చెరుకు రైతు వరికి మళ్లాడు, కార్మికుడు ఇంటిదారి పట్టాడు, కొడుకులు గల్ఫ్ విమానం ఎక్కారు. ప్రతి ఎన్నికకూ తెరిపిస్తామంటారు. 

అలాంటి ఊళ్లలో ప్రభుత్వ పథకం కింద ఇందిరమ్మ ఇల్లు మంజూరైనా బేస్‌మెంటు దాకా సొంత డబ్బుతో లేపితేనే తొలి లక్ష చేతికొస్తుంది. అక్కడే ఆగిపోయేవాళ్లకు సిమెంటు బస్తాలకో, ఇసుక ట్రాక్టరుకో ఎవరైనా సర్దితే పనికొస్తుంది. జాబితా ఎవరు రాయాలి, లెక్క ఎవరు చూడాలి అని నన్నడక్కండి. చందాలు వసూలు చేసే నేర్పున్నవాళ్లకు ఈ ఊళ్లో కొదవేం లేదు.